పింజ పడక చూసిన చలికాలం

దూది పని చేసేవాళ్ళకు ఏడాదంతా ఒక ఎత్తు, చలికాలం ఒక ఎత్తు. ఎండలు మండే రోజుల్లో పరుపు సంగతి ఎవరికీ పట్టదు, ఒట్టి నేలే హాయిగా ఉంటుంది. మొదటి చలిగాలి తగిలి నడుములు పట్టేసేసరికి మాత్రం జనానికి మేం గుర్తుకొస్తాం. అటక మీది పాత పరుపులు దించి, నెత్తిన పెట్టుకొచ్చి, "ఇదిగో అమ్మాయ్, దీనికి కాస్త ప్రాణం పొయ్యి" అంటూ వరస కడతారు. ఆ నాలుగు నెలలూ ఏకిన దూదే మాకు మిగతా ఏడాది అన్నం. అలాంటి ఒక చలికాలం మా ఇంటి మీద నుంచి నడిచిపోయింది. ఆ సంగతే చెబుతాను.

దుకాణం పెద్దదేం కాదు. ముందు వీధిలోకి తెరుచుకునే గది, దాని వెనక తలుపున్న ఇంకో గది, ఆ వెనక మేం ముగ్గురం మసలే వంటిల్లు. ముందు గదిలో ఏకే మిషను. దాని ముందు కాసేపు కూర్చుంటే మనిషి కనుబొమలు కూడా తెల్లబడతాయి. అమ్మ పరుపు గుడ్డ కుట్టేది. నేను దూది కూరి దబ్బనంతో అడ్డకుట్లు వేసేదాన్ని. చెల్లి పింజ దూది ఏకేది, ఆఖరున పడక చూసేది.

పడక చూడటం మా నాన్న పెట్టిన పద్ధతి. పరుపు కుట్టడం అయ్యాక, గిరాకీ ఎదురుగానే దాన్ని నేల మీద పరిచి, వెల్లకిలా పడుకుని, కళ్ళు మూసుకుని, ఊపిరి నెమ్మదించేదాకా కదలకుండా ఉండేవాడు. లోపల ఎక్కడ దూది ఉండ కట్టినా ఆయన వీపుకు తెలిసేది. "ఎడమ భుజం కింద, జానెడు లోపలికి" అనేవాడు. నేను అక్కడ దబ్బనం దించి గడ్డ విడదీసేదాన్ని. అంతా సమంగా ఉంటే లేచి నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే గానీ గిరాకీ పరుపు ఎత్తేవాడు కాదు. నాన్న పోయాక ఆ వీపు పింజకు వచ్చింది. నాన్నకు గడ్డలు తెలిసేవి, పింజకు దూదిలో మిగిలిపోయిన గింజ కూడా తెలిసేది. నాకు మాత్రం ఆ విద్య అబ్బలేదు. కంకర మీద పడుకోబెట్టినా గురకపెట్టే రకం నేను. మా ఆయన నన్ను పుట్టింటికి తోలేసింది ఆ గురక పడలేకే అని వీధిలో ఒక మాట ఉంది. నేనూ కాదనను, అసలు కారణం కన్నా అదే మర్యాదగా ఉంది.

పింజ నా తోడబుట్టినది. పుట్టినప్పుడు దూదిపింజంత తేలిగ్గా ఉందని నాన్న పెట్టిన ముద్దుపేరు అది. వీధి వీధంతా దాన్ని మగపిల్లాడనే అనుకుంది. అమ్మ ఇప్పటికీ వాడు, వీడు అనే అంటుంది. నేను చెల్లి అంటాను, నాకది చెల్లెలు కాబట్టి. తలుపులు వేసుకున్నాక నా గౌన్లు వేసుకుని, అద్దం ముందు జడ అల్లుకుని మురిసిపోవడం దానికి చిన్నప్పటి నుంచీ ఉంది. నాకు తెలుసు. అమ్మకూ తెలుసు. తెలిసీ తెలియనట్టుండటం అమ్మకు వెన్నతో పెట్టిన విద్య.

ఆ ఏడాది చలి అప్పుడే మొదలైంది. ఒక పొద్దున పింజ నా నీలం గౌను వేసుకుని, చెవులకు దిద్దులు పెట్టుకుని, తలుపు తీసుకుని దుకాణంలోకి వచ్చి మిషను ముందు కూర్చుంది. రోజూ కూర్చున్నట్టే కూర్చుంది. అమ్మ చేతిలో కత్తెర ఆగిపోయింది.

"ఇంట్లో నీ ఇష్టం. దుకాణంలోకి మాత్రం చొక్కా తొడుక్కుని రా" అంది అమ్మ చిన్నగా.

"పరుపుకు తగిలేది నా వీపు కదమ్మా. పైన గౌనుంటే దానికేం, చొక్కా ఉంటే దానికేం?"

ఊరందరిదీ ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అని అమ్మ సణుక్కుంది. పెంచిన చేతులకు విలువ లేదని, పెద్దలు ఊరికే అనలేదని, అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా అని పాత పాటంతా పాడింది. పింజ అంతా విని, గడ్డం ఒకసారి తడుముకుని, "నున్నగానే ఉందమ్మా. ఇంకా నీ బిడ్డనే" అంది. నాకు నవ్వాగలేదు. అమ్మ కూడా గుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ చలికాలంలో మేం ముగ్గురం కలిసి నవ్వింది ఆ ఒక్కసారే.

ఇన్నేళ్ళు లేనిది ఇప్పుడే ఎందుకే అని తర్వాత అడిగాను. గిరాకీల కాలం పోనిచ్చి చూద్దాం అన్నాను. పింజ దూది విదిలిస్తూ తలెత్తకుండానే జవాబిచ్చింది.

"చొక్కాతో పడుకుంటే ఆ వీపు నాది కాదనిపిస్తుందక్కా. నాది కాని వీపుతో ఎన్నాళ్ళని చూడను?"

నాకు దాని మాట సగమే అర్థమైంది. ఆ సగం చాలనుకుని ఊరుకున్నాను.

మొదటి రోజుల్లో వేళాకోళాలతోనే సరిపోయింది. ఎదురు సైకిల్ షాపాయన రోజూ ఒక పాట అందుకునేవాడు. పింజ కూడా తక్కువ తినలేదు, ఆయన బట్టతల చూపించి, దానికో చిన్న పరుపు కుట్టిస్తానని అనేది. వీధి నవ్వేది. నవ్వుతున్నారంటే అలవాటు పడుతున్నారని నేను సంబరపడ్డాను. నాది ఎంత గుడ్డి సంబరమో పాలావిడ వచ్చాక తెలిసింది.

పాలావిడ మాకు కొత్త కాదు. మా చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో పాలు పోస్తున్న మనిషి. కూతురికి పురుడొచ్చిందని, పసిపిల్లకు చిన్న పరుపు కావాలని చెప్పి వెళ్ళింది. మేం మెత్తని దూది ఏరి మరీ కుట్టాం. ఆవిడ వచ్చాక పింజ దాన్ని నేల మీద పరిచి కూర్చోబోయింది.

"చూడొద్దులే అమ్మా" అంది పాలావిడ.

"పసిదాని వీపండీ. చిన్న గింజ ఉన్నా ఒత్తుకుంటుంది" అంది పింజ.

"పసిగుడ్డు కదా, అందుకే వద్దంటున్నా. ఏమీ అనుకోకు."

కోపంగా అనలేదు. మొహం కూడా చిట్లించలేదు. పరుపును పింజ చేతిలోంచి కాకుండా నేల మీద నుంచి తనే తీసుకుని, చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. పింజ అలాగే చేతులు చాపుకుని ఉండిపోయింది.

ఆ 'వద్దులే' అంటురోగంలా పాకింది. ఒకరికి టైము లేదు. ఒకరికి ఇంట్లో ఎలాగూ అందరికీ మొద్దునిద్రేనట. ఒకాయనైతే పరుపు పరిచేలోపే చుట్టేసుకుని పరిగెత్తాడు. తిట్టినవాడిని ఎదురు తిట్టొచ్చు, దానికి నా నోరు చాలు. నెమ్మదిగా వద్దులే అన్నవాడిని ఏం చేస్తాం? కొందరు పెద్దమనసు చేసుకుని, "పోనీ నువ్వు చూడమ్మాయ్" అన్నారు. నేను పడుకున్నాను. ఏముంది, హాయిగా ఉంది. ఒక గుమాస్తాగారి పరుపు మీద నిజంగానే కునుకు తీశాను. ఆయన పాపం నేను లేచేదాకా నిలబడే ఉన్నాడు. వారం తిరక్కుండా ఆ పరుపు వెనక్కి వచ్చింది. దాని వెనకే ఇంకొన్ని వచ్చాయి. అన్నీ గడ్డలే అన్నారు. మీ పనితనం మీ నాన్నతోనే పోయిందన్నారు. పనితనం వెనక గదిలో మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని కూర్చుని ఉందని వాళ్ళకు చెప్పలేకపోయాను.

గిరాకీ పలచబడింది. మిషను సగం రోజు ఊరికే ఉండేది. అప్పుడు నాకో ఉపాయం తట్టింది. పరుపు ఇచ్చేముందు వెనక గదిలో తలుపేసుకుని పింజ పడక చూస్తుంది, తర్వాత ముందు గదిలో జనం కోసం నేను పడుకుని లేచి నవ్వుతాను. పింజ చేతిలో దూది పక్కన పెట్టింది. "నా పనే నేను దొంగతనంగా చెయ్యాలా?" అని అడిగింది. "దొంగతనం కాదే, వెనక గది" అన్నాను.

ఉపాయం పారింది. ఒక్క పరుపు వెనక్కి వస్తే ఒట్టు. గుమాస్తాగారు మళ్ళీ వచ్చి, తన పరుపు బాగుచేయించుకుని, "నీకూ మీ నాన్న వీపే వచ్చిందమ్మాయ్" అని మెచ్చుకుని పోయాడు. ఆయన అటు వెళ్ళగానే తలుపు వెనక నుంచి చప్పుడు వినిపించింది. పింజ నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. తలుపు తీసి చూడటానికి ధైర్యం చాలలేదు.

అప్పుడు తగిలాడు లాడ్జీ ఆయన. బజారు చివర రెండంతస్తుల లాడ్జీ ఆయనది. రద్దీ రోజులు రాబోతున్నాయి, గదులన్నిటికీ కొత్త పరుపులు కావాలన్నాడు. దూది, గుడ్డ తనే బండిలో పంపిస్తానన్నాడు. ఈ పని నచ్చితే తన తమ్ముడి హాస్టలు పని కూడా మాకే అన్నాడు. అంటే చలికాలం దాటాక కూడా మిషను తిరుగుతుంది. పింజ ఇంకో చోట పని వెతుక్కోనక్కర్లేదు. మా ముగ్గురికీ ఆ క్షణంలో అదే ఆశ.

వెళ్ళబోతూ ఆయన నన్ను పక్కకు పిలిచాడు. "ఆ మనిషి మాత్రం పరుపుల జోలికి రాకూడదమ్మా. నాకేం పట్టింపు లేదు, నేను చాలా ఊళ్ళు తిరిగినవాణ్ణి. కానీ పడుకునేది గిరాకీలు కదా" అన్నాడు. నేను తల ఊపాను. చల్లకు వచ్చి ముంత దాచినట్టు ఈ పట్టింపు లేనివాళ్ళే అన్నీ దాచుకుని మాట్లాడతారు.

బండి నిండా దూది దిగింది. అమ్మ కుట్టింది, నేను కూరాను, పింజ వెనక గదిలో ఒక్కొక్క పరుపే చూసి గోడవారగా నిలబెట్టింది. పనిలో పడితే దానికి ఒళ్ళు తెలియదు. చాలా రోజుల తర్వాత కూనిరాగం తీస్తుంటే విన్నాను.

ఆ మధ్యాహ్నం నేను మిషను మీద ఉన్నాను. మిషను తిరుగుతుంటే పక్కన పిడుగు పడినా వినపడదు. లాడ్జీ ఆయన ఎప్పుడు వచ్చాడో, సరుకు ఎంతవరకు వచ్చిందో చూస్తానని అమ్మను ఎప్పుడు దాటుకుని వెళ్ళాడో నాకు తెలియదు. అమ్మ నా భుజం కుదిపింది. మిషను ఆపాను. దుకాణం ఒక్కసారి నిశ్శబ్దమైంది. వెనక గది తలుపు తెరిచి ఉంది. ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. లోపల పింజ నీలం గౌనులో పరుపు మీద కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. మిషను ఆగేసరికి నేనే వచ్చాననుకుంది కాబోలు, కళ్ళు తెరవకుండానే, నెమ్మదిగా, ప్రేమగా మాట్లాడింది.

"అక్కా, కుడి నడుము కింద చిన్న గడ్డ ఉందే. ఆ ఒక్కటీ తీసేస్తే ఇంక ఏం లేదు."

ఎవరూ పలకకపోయేసరికి కళ్ళు తెరిచింది.

ఆయన అరవలేదు. నా వైపు తిరిగి, "మాటంటే మాటేనమ్మా" అని మాత్రం అన్నాడు. మర్నాడు పొద్దున్నే ఇద్దరు కూలీలు వచ్చారు. పరుపులన్నీ వీధిలోకి లాగి, బ్లేడ్లతో నిలువునా కోసి, దూదిని గోతాల్లో కుక్కారు. దూది ఆయనది కదా, తీసుకుపోయాడు. ఇంకో ఊళ్ళో మళ్ళీ ఏకిస్తాడట. "దూదిదేం తప్పు లేదు, గుడ్డ మారిస్తే చాలు" అన్నాడట సైకిల్ షాపాయనతో. వీధంతా తెల్లగా ఎగిరింది. జనం తుమ్ముతూ చూశారు. పాలావిడ కూడా గిన్నె పట్టుకుని నిలబడి చూసింది. కోసిన గుడ్డలు మా గుమ్మంలో పడేసి పోయారు. పింజ వాటన్నిటినీ ఏరి, ఉతికి, ఆరేసి, మడతలు పెట్టింది. దేనికే అని అడిగితే, కొత్త గుడ్డక్కా, పారేస్తే పాపం అంది.

ఆ తర్వాత మా దుకాణం మెట్టు ఎక్కినవాళ్ళు లేరు. మోసం చేశామన్న పేరు కూడా వచ్చింది, గోరుచుట్టు మీద రోకటిపోటు.

పింజ పని వెతుక్కుంటూ బయల్దేరింది. సంచులు కుట్టే ఫ్యాక్టరీలో ఆడవాళ్ళ వరసలో కూర్చోబెడితే ఆడవాళ్ళు ఒప్పుకోరన్నారు, మగవాళ్ళ వరసలో కూర్చోబెడితే మగవాళ్ళు ఊరుకోరన్నారు. మూడో వరస వాళ్ళకు లేదు. ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే పని ఖాళీగా ఉందంటే పోయింది. రేపు రమ్మన్నారు. మర్నాడు పోతే, ఖాళీ నిండిపోయిందన్నారు. హోటల్లో గిన్నెలు తోమడానికి పెట్టుకున్నారు గానీ, పెరటి గుమ్మంలోంచే వచ్చి పోవాలన్నారు, వారం కాకుండానే అదీ వద్దన్నారు. ఎక్కడా ఎవరూ తిట్టలేదు. అందరూ ఏమీ అనుకోకు అనే అన్నారు.

ఒకరోజు సాయంత్రం వచ్చి, చెప్పులు విప్పకుండానే వంటింటి గడప మీద కూర్చుంది.

"పగలు పరుపు మీద నా వీపు తగలకూడదన్నవాళ్ళే, పొద్దుగూకాక పక్క మీదకు రమ్మంటున్నారక్కా. దానికైతే పట్టింపు లేదట" అంది.

ఎవడే అన్నాను. ఒకడైతే చెప్పేదాన్ని అంది. నేను శాపనార్థాలు మొదలుపెట్టాను. నా నోట్లో ఎన్ని తిట్లున్నాయో అన్నీ అయిపోయాయి. పింజ అన్నం తిని పడుకుంది. అమ్మ మాత్రం లేచి, పెట్టె తెరిచి, నాన్న చొక్కా ఒకటి తీసింది. దాన్ని ఇస్త్రీ చేసి, వెనక గదిలో మేకుకు తగిలించింది. మర్నాడు దాని దుమ్ము దులిపి మళ్ళీ తగిలించింది. ఆ తర్వాత రోజూ అదే పని. పింజ రోజూ ఆ చొక్కా పక్క నుంచే లోపలికీ బయటికీ తిరిగేది. నేను అమ్మతో దెబ్బలాడాను. తీసి దాచాను. అమ్మ వెతికి తెచ్చి మళ్ళీ తగిలించింది. "నువ్వు పెడతావుటే దానికి అన్నం?" అంది. వాడు, వీడు తప్ప వేరే మాట ఎరగని అమ్మ ఆ ఒక్కసారి 'దానికి' అంది.

తర్వాత ఒక పొద్దున నేను లేచేసరికి మేకు ఖాళీగా ఉంది.

పింజ మంగలి షాపు నుంచి వచ్చింది. జడ లేదు. చెవులు బోసిగా ఉన్నాయి. నాన్న చొక్కా భుజాల దగ్గర వదులై వేలాడుతోంది. అమ్మ దాన్ని కావలించుకుని ఏడ్చింది, వేడిగా అన్నం వండి ఎదురుగా కూర్చుని తినిపించింది. పింజ పెట్టినదల్లా తింది. ఇంకా పెట్టనా అంటే పెట్టమంది. నా నీలం గౌను ఉతికి, మడత పెట్టి, నా పెట్టెలో పెట్టి ఉంది. నేను దాన్ని మళ్ళీ తొడుక్కోలేదు.

వీధికి పండగొచ్చినట్టయింది. కుర్రాడికి బుద్ధొచ్చిందన్నారు. సైకిల్ షాపాయన టీ పంపించాడు. పాలావిడ వచ్చి, పసిదానికి నిద్ర పట్టడం లేదని, ఆ చిన్న పరుపు ఒకసారి చూడమని ఇచ్చింది. ఈసారి పింజ చేతికే ఇచ్చింది.

చలి ఇంకా పోలేదు. లాడ్జీ ఆయన కూడా వచ్చాడు. ఇంకో ఊళ్ళో కుట్టించినవి అప్పుడే కుంగిపోయాయట. అదే దూది మళ్ళీ మా గుమ్మంలో దిగింది. ఏకాం, కూరాం, కుట్టాం. మొదటి పరుపు తన ఎదురుగా చూడమన్నాడు. పింజ ముందు గదిలో, వీధి మొత్తం చూస్తుండగా, దాన్ని పరిచి వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకుంది. నేను దబ్బనం పట్టుకుని పక్కన నిలబడ్డాను. కుట్లు వేసేటప్పుడే నా చేతికి తగిలింది, కుడి నడుము కింద పిడికెడు గడ్డ ఉంది. నాలాంటి మొద్దుకే తెలిసిన గడ్డ. పింజ చెబుతుంది, నేను విడదీస్తాను అని చూస్తున్నాను. పింజ ఊపిరి నెమ్మదించింది. ఇంకా చూస్తున్నాను. పింజ కళ్ళు తెరిచి, లేచి, నాన్న నవ్వినట్టే నవ్వింది.

"ఇదీ పరుపంటే" అన్నాడు లాడ్జీ ఆయన, తృప్తిగా. కూలీలు ఎత్తుకుని పోయారు.

వాళ్ళు వీధి మలుపు తిరిగాక అడిగాను. "కుడి నడుము కింద అంత గడ్డ ఉంది కదే. చెప్పలేదేం?"

"ఉందా?" అంది పింజ. నిజంగానే అడిగింది. చొక్కా మీది దూది దులుపుకుంటూ, "నాకేం తెలియడం లేదక్కా. ఈ మధ్య ఏదీ తెలియడం లేదు" అని మిషను దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ చలికాలమంతా మిషను ఆగలేదు. లాడ్జీ నిండింది, హాస్టలు నిండింది, వీధిలో ఇంటింటికీ మా పరుపు వెళ్ళింది. అన్నిటి మీదా పింజ పడుకుని లేచి నవ్వింది. గడ్డ లేని పరుపు వాటిలో ఒక్కటి కూడా లేదు, కూరిన చేతులు నావి కాబట్టి నాకు తెలుసు. వాటిలో ఒక్కటి కూడా వెనక్కి రాలేదు.